మింగినవాళ్ళకే తిట్టే హక్కు

ఆ టార్చి పక్కన పెట్టవే అమ్మాయీ. మింగుతాను, మింగనని ఎవరన్నారు? మింగాక నోరు తెరిపించి లైటు వేసి చూస్తావా? ఏముంది నా నోట్లో, నాలుగు పళ్ళు, అవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ముందు కూర్చో. ఆ పీట లాక్కో, కాలు ఊగుతుంది, గోడకి ఆనించుకో. ఆఁ. దోమల జ్వరం రాకముందే మాత్ర, ఊరందరికీ, నీ కళ్ళెదుటే మింగాలి, అంతేగా? నాకు చెబుతున్నావా తల్లీ! మీ అమ్మ పుట్టకముందు మింగాం మేము ఇవి. అప్పుడు టార్చీలు గీర్చీలు లేవు. మా చేదమ్మ ఉండేది. చేదమ్మంటే ఈ చేదు మాత్రలు తెచ్చే నర్సు. అసలు పేరేదో ఉండే ఉంటుంది, జీతం ఇచ్చేటప్పుడు పిలిచేవాళ్ళేమో, మాకు మాత్రం చేదమ్మే. మాత్ర నిజంగా మింగామో లేదో ఆవిడ ఎలా కనిపెట్టేదో తెలుసా? తిట్టించుకునేది. అవును, తననే. నవ్వకు, మాత్ర నా చేతిలోనే ఉంది, ఎక్కడికీ పోదు, విను.

మాది అప్పుడు రాళ్ళ క్వారీలో పని. మా గదులన్నీ ఒకే వరస, రేకుల కప్పు, లైను అనేవాళ్ళం. వెనకంతా రాయి తీసేసిన గుంతలు. వాన పడితే నిండిపోయి, ఆకుపచ్చగా, రోజుల తరబడి అలాగే. పూడ్పించవయ్యా అని ఓనరుని అడిగితే, "ఆ నీళ్ళు మీరు తాగట్లేదుగా" అనేవాడు. మేం తాగట్లేదురా, ఆ నీళ్ళలో పుట్టినవి మమ్మల్ని తాగుతున్నాయి! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు. వానాకాలం వస్తే ప్రతి గదిలో ఒకరు దుప్పటి కింద గడగడ వణకడమే. నా తొలి కాన్పు అలాగే పోయింది. సుత్తి చేతిలో పట్టుకునే కూలబడ్డాను. జ్వరం తగ్గేసరికి కడుపులో ఏమీ లేదు. సరే, అది వదిలెయ్. ఆ తర్వాతే చేదమ్మ వచ్చింది, వారం వారం మాత్రలు పట్టుకుని. జ్వరం వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాలంటుంది. మావాళ్ళకి అది ఎక్కలేదు. "లేని జ్వరానికి మందేంటి? రేపు పుట్టబోయే పిల్లకి ఇవాళే జడ వేస్తారా?" అని ఒకటే వాదన. పిల్లలు పుట్టరని ఒకడు, రంగు నల్లబడుతుందని ఇంకొకడు. వాడికి అంతకంటే నల్లబడేందుకు చోటెక్కడుందో మరి! ఎదురు చెప్పలేక ఆవిడ ముందు నోట్లో వేసుకోవడం, నాలుక కింద దాచడం, ఆవిడ అటు తిరగ్గానే లైను లైనంతా కాలువ దగ్గర ఉమ్మడం. కాలువకి సున్నం కొట్టినట్టు ఉండేది.

మా అత్త సంగతి చెప్పాలి నీకు. పొద్దున లేచి ముఖం కడగకముందే ఎవరో ఒకరిని తిట్టాలి ఆవిడ. ఎవరూ దొరక్కపోతే పొయ్యిని తిట్టేది. "రాత్రంతా పడుకున్నావుగా, ఇప్పుడు మండటానికేం రోగం నీకు?" అని. చేదమ్మ లైను మలుపు తిరగడం ఆలస్యం, "వచ్చిందమ్మా సంచీ తగిలించుకుని, నీ జిమ్మడ, నీ చెప్పులు తెగ" అని మొదలు. అలాంటి మనిషి ఓ రోజు మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగినట్టు తాగి, చేతులు కట్టుకుని నిలబడింది. పైగా నవ్వుతోంది. చేదమ్మకి అనుమానమొచ్చింది. "పెద్దమ్మా, ఒంట్లో బాగుందా?" అంటే తలూపింది. "నన్నింకా ఏమీ అనలేదేంటి?" అంటే మళ్ళీ తలే. "అయితే కాసేపు కూర్చుని పోతాను" అని గడప మీద చతికిలబడింది చేదమ్మ. ఇక చూడు! మాత్ర కరుగుతోంది. కరిగేకొద్దీ చేదు. మా అత్త చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు, ముక్కు దానంతటది అదురుతోంది. చేదమ్మేమో తీరిగ్గా మా రేకుల గురించీ, ఎండ గురించీ కబుర్లు. అంతలో పక్క గది మేస్త్రీ వాళ్ళ కోడిపుంజు, అదీ మేస్త్రీ లాంటిదే, ఎవరి సొమ్మయినా తనదే, నేరుగా వచ్చి మా అత్త ఆరబోసిన గింజల్లో దిగింది. మా అత్త కాలు ఎత్తింది, పోలేదు. చెయ్యి విసిరింది, పోలేదు. "మ్మ్! మ్మ్మ్!" అంది. పుంజు తలెత్తి చూసింది. ఈవిడకి ఇవాళ నోరు లేదని అర్థమైపోయింది దానికి, పెట్టల్ని కూడా పిలుచుకుంది. అంతే! "నీ దుంప తెగా!" అని ఒక్క కేక. ఆ కేకకి మాత్ర ఎగిరి వెళ్ళి పుంజు ముందు పడింది. పుంజు టక్కున పొడిచి, తల విదిలించి, ఉమ్మేసింది. "చూశావా! కోడి కూడా మింగదు, నన్ను మింగమంటావా?" అంటుంది మా అత్త. పట్టుబడ్డానన్న సిగ్గు ఏ కోశానా లేదు. చేదమ్మ నవ్వీ నవ్వీ గడప మీంచి కిందికి జారిపోయింది.

పై వారం వచ్చి లైను మధ్యలో నిలబడి చాటింపు వేసింది. "మాత్ర మింగండి, మింగి నన్ను కసితీరా తిట్టండి. మింగనివాళ్ళు తిడితే నేను వినను." మా అత్త ఊరుకుంటుందా? "నువ్వెవరే నాకు చెప్పడానికి" అని అందుకుంది. చేదమ్మ చక్కా సంచీలోంచి దూది తీసి రెండు చెవుల్లో పెట్టుకుంది. మా అత్తకి తల కొట్టేసినట్టయింది. వినేవాళ్ళు లేకపోతే అదేం తిట్టు, చెప్పు? ఈలోగా మేస్త్రీ పెళ్ళాం గుటుక్కున మింగేసి, "నీ సంచీకి చిల్లుపడ, నీ సూదులు మొద్దుబారిపోను" అని గొంతెత్తింది. జనం చప్పట్లు! అదొక తిట్టా, దానికి చప్పట్లా అని మా అత్త కుళ్ళిపోయింది. నిలబడలేక లాక్కుని మింగింది. ఆ తర్వాత ఆవిడ తిట్టిన తిట్లకి ఓనరు కుక్క కూడా ఇంట్లోకి పోయి పడుకుంది. మా ఆయనతోనే చిక్కు. ఆయనకి తిట్టడం రాదు. మాత్ర నిజంగానే మింగాడు పాపం, "నీ కాలికి ముల్లు…" అని మొదలుపెట్టి, "గుచ్చుకుంటే నెప్పి కదమ్మా, చూసుకుని నడువు" అన్నాడు. చేదమ్మ సగం తిట్టు కింద సరిపెట్టుకుంది.

అప్పటికి నేను మళ్ళీ కడుపుతో ఉన్నాను. వరసలో నా వంతు వచ్చింది. చెయ్యి చాపాను. మా అత్త ఆ చెయ్యి పట్టేసుకుంది. "దీనికొద్దు. కడుపులో బిడ్డకి ఆ విషం పోస్తావా? నా ప్రాణం పోయినా పడనివ్వను." ఎవరూ నవ్వలేదప్పుడు. చేదమ్మ చెవుల్లో దూది తీసేసింది. "డాక్టరుని అడిగే తెచ్చాను పెద్దమ్మా, కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోవచ్చు. పోయినసారి ఇది మాత్ర మింగిందా?" అంది. లేదంది మా అత్త. "మరి ఆ బిడ్డ ఏది?" మాత్ర దాచుకోకుండా మా అత్త నోరు మూతపడటం అదే మొదటిసారి. మెల్లగా, "ఈ బిడ్డకేమన్నా అయితే?" అంది. "అయితే మింగకుండానే నన్ను తిట్టు. నీకు ఓపికున్నన్నాళ్ళూ తిట్టు. దూది పెట్టుకోను" అంది చేదమ్మ. మా అత్త నా చెయ్యి వదిలింది.

మింగాను. మింగాక తిట్టాలిగా? ఆ ఇంట్లో అడుగుపెట్టింది మొదలు గొంతెత్తని దాన్ని. చేదమ్మ ముఖంలోకి చూస్తూ, "నీ జిమ్మడ! నేను వండితే ఉప్పు లేదంటావు, నువ్వు వండితే ఉప్పు తప్ప ఇంకేమీ ఉండదు! నేను దగ్గితే నాటకం, నువ్వు తుమ్మితే లైనంతా లేచి కూర్చోవాలి! సబ్బు దాచుకుంటావా, నీ ఒళ్ళంతా దురద పుట్ట!" అన్నాను. నా ఉప్పు సంగతి చేదమ్మకేం తెలుసు? లైనంతా మెల్లగా మా అత్త వైపు తిరిగింది. మా ఆయన వెళ్ళి నీళ్ళ తొట్టి వెనక నిలబడ్డాడు. మా అత్త నన్ను కాళ్ళ నుంచి తలదాకా చూసి, "గొంతు లేవట్లేదు. వచ్చే వారం ఇంకాస్త గట్టిగా" అంది.

ఆ వానల్లో నాకు వణుకు రాలేదమ్మాయీ. ఆడపిల్ల పుట్టింది. పుట్టడం పుట్టడం చేదమ్మ చేతుల్లో ఒకటే గోల. "ఇది నన్ను తిడుతోంది పెద్దమ్మా, మింగే వచ్చింది" అంది ఆవిడ. ఆ రోజు మాత్ర వేసుకుని మా అత్త ఆవిణ్ణి ఏమీ అనలేదు. చేదమ్మ హడలిపోయి నోరు తెరవమంది! ఆ గొంతులతోనే తర్వాత ఓనరు ఆఫీసు ముందు నిలబడ్డాం, గుంతలు పూడ్పించేదాకా కదల్లేదు. ఆయన దగ్గర దూది లేదు మరి.

చాలా ఏళ్ళకి పోయింది చేదమ్మ. కబురొస్తే రాళ్ళ లారీ ఎక్కి వెళ్ళాం అందరం. లారీ ఎక్కలేని మా అత్తని కుర్చీతో సహా ఎక్కించాం. అక్కడంతా ఇస్త్రీ చొక్కాలు, చప్పుడు లేదు. మా అత్త జనాన్ని తోసుకుంటూ పోయి ఆవిడ ముందు నిలబడింది. చెవుల్లో దూది పెట్టారు, పోయినవాళ్ళకి పెడతారుగా. అది చూసింది. "ఏమే చేదూ, నీ దుంప తెగ, దూది పెట్టుకోనన్నావు కదే!" అని ఒక్క అరుపు. ఆవిడ తమ్ముడు ఎవరీ ముసలమ్మ అని మీదకొచ్చాడు. మా ఆయన అడ్డం వెళ్ళి, "తిట్టనివ్వు బాబూ, ఆవిడకి హక్కుంది" అన్నాడు.

సరే, నీళ్ళందుకో. ఇదిగో, వేసుకున్నాను. గుటుక్. ఇప్పుడు కాచుకో, మా అత్త కోడల్ని నేను. నీ… నీ సంచీ… ఉండు, వస్తోంది. నీ…

ఊహూఁ, తిట్టు రావట్లేదు. వెయ్యవే. ఆ టార్చే వెయ్యి. ఆఁ…