చేపల్లేని చోటు

కృష్ణపట్నానికి దక్షిణాన చిన్న రేవు. జాలరి సమాధానం తన వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఎమ్మెస్సీ చదివే కూతురు వెన్నెల పక్కనే లాప్‌టాప్ తెరుచుకొని కూర్చుంది.

“అయితే, నేను చెప్పిన చేపల చోట్లన్నీ ఆ మిషనుకి చెప్పేసినావా?”

“చెప్పలేదు నాన్నా. లెక్క మాత్రం చేయించినా.”

“చెప్పకుండా ఎట్టా చేస్తాదే? దానికేమన్నా సోదె వచ్చా?”

“పంపే ముందు ప్రతి ముక్కనీ ఒక్కోరకంగా మెలిపెడతా. ఎంత మెలిపెట్టినానో నాకే తెలుసు. అది మెలికల మీదే లెక్క చేస్తాది. జవాబొచ్చినాక నేను విప్పుకుంటా. తను ఏం లెక్క చేసిందో దానికే తెలవదు.”

“గంతలు కట్టి గానుగ తిప్పించినట్టు. పాపం, ఎక్కడుంటాదా ఎద్దు?”

“చానా దూరం. క్వాంటం కంప్యూటరు నాన్నా, మా కాలేజీలో పెట్టేది కాదు. వేరేవాళ్లది. అందుకే ఈ దాపరికం.”

“నాలుగు చోట్లు చుట్టి రావడానికి డీజిల్ తక్కువయ్యే దారి. దానికంత మిషనా? మీ తాత ఇసకలో వేలితో గీసేవోడు.”

“నేర్చుకునేటప్పుడు చిన్న లెక్కే పెట్టుకోవాల. ఎగతాళి చేయబాక.”

“సరే, సరే. ఆ చోట్లు మీ తాత నాకొక్కడికే చెప్పినాడు. తెలుసు గదా?”

“తెలుసు. జీవానందం చిన్నాయనకి కూడా చెప్పలేదు. వందసార్లు విన్నా.”

“బోటు పంపకంలో వాడన్న మాటలకి, నేను చెప్తానా?”

“నువ్వు మిషను సంగతి అడుగు నాన్నా.”

“అడుగుతున్నా. అది దొంగలెక్క చేస్తే?”

“జవాబు ముందే తెలిసిన ఉత్తుత్తి లెక్కలు మధ్యలో కలుపుతాం. ఏది అసలో, ఏది ఉత్తుత్తో దానికి తెలవదు. వేలు పెట్టిందా, ఆడ దొరికిపోతాది.”

“ఓహో, ఎర!”

“ఎరే.”

“దొరికిందా?”

“లేదు. నిజాయితీగానే చేసింది.”

“మిషను మంచిదేలే. నేను చివర చెప్పినా చూడు, కొత్తగుట్ట...”

“ఆఁ. అన్నిటికంటే అక్కడే ఎక్కువ పడతాయన్నావు.”

“ఆడ నీళ్లకింద గుట్టా లేదు, చేపా లేదు. ఉత్త ఇసక. అది నేనేసిన ఎర.”

“నాన్నా!”

“పొద్దున ఆ పక్కగా వస్తా చూస్తే, ఎవురో వల ఏసుకొని కూర్చోనున్నారు.”

“ఎవురు?”

“నువ్వే చెప్పు. నీ లెక్కలో తేలిందేమో.”

“అది కాదు నాన్నా... చిన్నాయన ఈమధ్యంతా ఉత్త వలతోనే తిరిగొస్తా ఉన్నాడు. పిన్ని ఏడస్తా ఉండింది. ఒక్కటే చెప్పినా. ఒట్టు, ఒక్కటే.”

“ఏరి ఏరి మంచిదే ఇచ్చినావు.”

“కోపమొచ్చిందా?”

“వాడు నన్ను చూసి చెయ్యెత్తినాడే. పంపకాలయినాక ఇదే మొదలు.”

“నువ్వేం చేసినావు?”

“తలకాయ తిప్పుకున్నా. ఇసకలో వల ఏసుకొని కూర్చున్నోడికి ఏ మొహంతో చెయ్యి ఊపేది?”

“మరి ఇప్పుడు?”

“మీ తాత గుట్ట ఉంది చూడు, మొదట చెప్పింది. అది చెప్పు వాడికి.”

“నిజంగానా నాన్నా?”

“నీ మెలికేదో పెట్టి చెప్పు. చోటు వాడికి చేరాల. పంపింది నేనని మాత్రం తెలవకూడదు.”