సూదికి ఇచ్చిన చెయ్యి

హలో… ఆ, నేనేనే, ఇంకెవరనుకున్నావు?… లేదే, డ్యూటీ దిగి ఇప్పుడే ఇంట్లోకి వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. చెప్పు.

మన క్లాసు వాట్సాప్ గ్రూపులోంచా?… ఆ, వెళ్లిపోయాను… ఊరికే. ఫోన్ నిండిపోయింది… ఫొటోలతోనే! మన నర్సింగ్ స్కూలు ఫొటోలతో.

ఏ ఫొటో అని నన్నడుగుతావేం? తీసింది నువ్వే కదా, అక్కడ పాఠాలు చెప్పేదానివి… అదే. మన బక్కది చొక్కా చేతులు పైకి మడిచి కుర్చీలో మహారాణిలా కూర్చుంది. చుట్టూ ఫస్టియర్ పిల్లలు సూదులు పట్టుకుని! వెనక పెద్ద మేడమ్, దాని భుజం మీద చెయ్యి వేసి!

రిటైరయ్యాక ఇల్లు కదలడం లేదన్నావు కదే ఆవిడ? దాని కోసం కదిలొచ్చారా?… పిల్లల కోసమా? సరేలే.

కుళ్ళా? నాకా?… దాన్ని చూసి?…

కుళ్ళే. అయితే ఏం? ఏడాదికోసారి పాత విద్యార్థుల్ని పిలుస్తారు, కొత్త పిల్లలు రక్తం తీయడం నేర్చుకోవాలి, చెయ్యి ఇమ్మంటారు. పిలిచినప్పుడల్లా దాన్నే పిలుస్తారు. నాకు చేతులు లేవా?…

నరాలు. తెలుసు. దాని నరాలు కనబడతాయి, నావి కనబడవు. చదువుకునే రోజుల నుంచీ వింటున్నానే ఈ మాట. అది ఎంత తిన్నా ఒంటికి పట్టదు, నాకు గాలి పీల్చినా ఒళ్లొస్తుంది. అదీ నా తప్పేనా?

ఫ్యానా?… ఆ, ఇచ్చాను హాస్టల్‌కి. తిరుగుతోందా? సంతోషం… ఫ్యాన్ ఎవరైనా ఇస్తారే. ఫ్యానిస్తే నాకేమైనా నొప్పి వేసిందా?

ఎందుకంత పట్టుదలా?… నీకు తెలియనట్టు అడుగుతావేం! నా మొదటి సూది గుర్తులేదూ? బొమ్మ చెయ్యి మీద బాగానే వచ్చింది. మనిషి చెయ్యి పట్టుకోగానే వణుకు. క్లాసులో ఎవరూ నాకు చెయ్యి ఇవ్వలేదు… నువ్వూ ఇవ్వలేదమ్మా, తల్లీ! పెద్ద మేడమే కుర్చీ లాక్కుని కూర్చుని తన చెయ్యి చాచారు. తప్పింది. ‘ఇంకోసారి’ అన్నారు. మళ్లీ తప్పింది. ‘ఇంకోసారి, మనకేం తొందర’ అన్నారు. ఆ చెయ్యి కమిలి నల్లబడిపోయింది. ఆ చేత్తోనే నాకు టీ తెచ్చిచ్చారే…

ఆ రోజు ఆవిడ లేకపోతే ఈ చదువే మానేసేదాన్ని. ఇవాళ వార్డులో ఏ పసిబిడ్డకి నరం దొరక్కపోయినా అందరూ నన్నే పిలుస్తారు. ఆవిడకి తిరిగి ఏమివ్వను చెప్పు? ఆవిడకేం కావాలి? నేనూ ఒక పిల్లకి చెయ్యి ఇవ్వాలి, అది ఆవిడ చూడాలి. చూడాలంతే! ఒక్కసారి నా భుజం మీద కూడా… చిన్నపిల్లలా మాట్లాడుతున్నానా? అనుకో.

ఏమిటీ?… మళ్లీ చెప్పు. ఇవాళ ఒక పిల్లకి రక్తం తీయడం రానే లేదా? బక్కదాని మీదా?… జారిపోయిందా! దాని నరం జారిపోయిందా!… నవ్వడం లేదే. దగ్గు.

జారదూ మరి! పైకి తేలిన నరం కంటికి బాగానే ఉంటుంది, సూది తగలగానే పక్కకి తప్పుకుంటుంది. లోపలిదైతే వేలితో వెతకాలి. దొరికిందా, ఇక కదలదు.

ఆ పిల్ల ఇప్పుడెక్కడ?… బట్టలు సర్దుకుంటోందా? చదువు మానేసి ఈ సాయంత్రమే వెళ్లిపోతుందా?… అయ్యో. ఆపండే! ఎవరో ఒకరు ఆపండి!

నేనా?… రమ్మన్నదెవరు, పెద్ద మేడమా?… మరి?…

బక్కదా?

ఏమందో ఉన్నదున్నట్టు చెప్పు… ‘నా చేతి మీద కాదు, ఆ పిల్లకి బొద్దుదాని చెయ్యి కావాలి’… బొద్దుది అందా నన్ను?… ఊఁ… ‘వణికే చెయ్యి సంగతి దానికే తెలుసు’ అందా… పెద్ద మేడమ్ ముందే?…



చూశావా, ఇందులోనూ అదే ముందు! మంచితనంలో కూడా నాకంటే ఒక అడుగు ముందుండాలి దానికి. ఒళ్లు మండిపోతోందే నాకు… ఏడవడం లేదన్నానా!

ఆ పిల్లకి ఫోనివ్వు… ఇవ్వవే!

హలో… ఏమ్మా. నేను మీ సీనియర్‌ని. బాగా సీనియర్‌ని… ముందు ఆ ఏడుపు ఆపు. ఆ బక్కావిడని ఎన్నిసార్లు గుచ్చావు?… మూడా? అంతేనా? నన్ను అంతకంటే ఎక్కువ గుచ్చాలి, తెలిసిందా? తక్కువైతే ఒప్పుకోను.

ఊఁ… కనబడదమ్మా, నా నరం అసలు కనబడదు. కళ్లు మూసుకుని వేలితో వెతుక్కో. దొరికేదాకా కూర్చుంటాను… ఎంతసేపైనా.

నొప్పా?… వేస్తుంది. ఎందుకు వేయదూ? అరుస్తాను కూడా.

చెయ్యి మాత్రం తీయను… సరే, పెట్టెయ్. నేను బస్సు అందుకోవాలి.