కారు షెడ్డు తలుపు

నరసరావుపేటలో ఆ వెల్డింగ్ షాపాయనకు ఓపిక అయిపోవచ్చింది. కారు షెడ్డు తలుపు కోసం వచ్చినావిడ అటూ ఇటూ తిరుగుతూనే ఆయన ఫోన్లో బొమ్మలు చూస్తోంది.

“ఇది రిమోటు నొక్కితే పైకి లేచి కప్పు కింద పడుకుంటదక్కా.”

“కరెంటు పోతే?”

“చేత్తో ఎత్తుకోవాల.”

“నావల్ల కాదు. ఇదేంది?”

“మూల తిరిగి పక్క గోడకు ఆనుకునేది.”

“మా పక్కనే మిరపకాయల కొట్టు. ఆ దుమ్ముకి పట్టాలో ఇరుక్కుంటది.”

“మడతల తలుపు?”

“తియ్యాల్సిన గడియలెన్ని?”

“మూడు.”

“అన్నీ తీసేసరికి చానా ఆలస్యం.”

“అంత తొందరేందక్కా? ఇప్పుడున్న షట్టర్ బావ ఎత్తడా?”

ఆమె ఆగిపోయింది.

“ఎత్తాడు తమ్ముడూ. గుండెనొప్పితో అల్లాడతా, ఆసుపత్రికి కారు తీద్దామంటే షట్టర్ నావల్ల కాకపోతే ఆయనే ఎత్తాడు. నిన్ననే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నా.”

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, షాపులో గోడకు బిగించి ఉన్న ఇనప తలుపు చూపించాడు.

“ముందు దీన్ని తొయ్యక్కా. నీ చేతికి ఎంత బరువు కదులుద్దో చూసి, అంతలోనే చేస్తా.”