గడియకు అటూ ఇటూ

కూతురు పసిబిడ్డతో పుట్టింటికి వచ్చిన రోజే ముసలాయనకు జలుబూ జ్వరమూ పట్టుకున్నాయి. పొద్దున పిల్లి అడుగులేసుకుంటూ ఉయ్యాల దాకా వెళ్లబోయి దొరికిపోయాడు. అప్పటినుంచి ఆయన గదికి బయట గడియ, గుమ్మం ముందు కూతురి కాపలా.

"ఆవిరి పట్టావా నాన్నా?"

"పట్టానమ్మా. ముఖం దుంపలా ఉడికింది. ఇక తొక్క తీయడమే తరువాయి."

"ఉప్పునీళ్లు పుక్కిలించావా?"

"సగం సముద్రం పుక్కిలించాను. రెండు చేపలు గొంతులో ఇరుక్కున్నాయి. చూద్దువుగాని, గడియ తియ్యి."

"తుమ్ములు తగ్గనీ."

"ఇవీ ఒక తుమ్ములేనా? వయసులో ఉన్నప్పుడు నేను తుమ్మితే ఎదురింటి పెంకులు లేచిపోయేవి."

"అందుకే గడియ. పిల్లకింకా నెల నిండలేదు."

"రేపు మీ ఆయన వచ్చి ఇద్దర్నీ తీసుకుపోతాడు. నా మనవరాలి ముక్కు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

బయట గడియ తీసిన చప్పుడైంది.

"మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే నిలబడు. దూరం నుంచి చూపిస్తాను."

ముసలాయన గబగబా తువ్వాలు చుట్టుకుని తలుపు మీద చెయ్యి వేశాడు. అంతలో దగ్గు తెర కమ్ముకొచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. తువ్వాలు జారి కింద పడింది.

"నాన్నా, తోస్తుంటే తలుపు తెరుచుకోవట్లేదేంటి? నేను గడియ తీసేశానే."

"ఇటువైపుది నేను పెట్టానమ్మా. పిల్లని కాస్త మెల్లగా గిల్లు. ఏడుపైనా వింటాను."