బటన్ మీద పౌడరు

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక విల్లా పోర్షన్, మధ్యాహ్నం రెండు దాటింది. భార్య తెరెసాను డ్యూటీ నుంచి కారులో ఎక్కించుకొచ్చిన ఎడ్వర్డ్ కాళ్ళైనా కడుక్కోకుండా టీవీ దగ్గరికి పోయి వంగి చూశాడు, చూసి పద్నాలుగేళ్ళ కూతురు ఫెబి మీద విరుచుకుపడ్డాడు. నర్సు యూనిఫాం ఇంకా విప్పని తెరెసా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“మళ్ళీ చెప్పు. ముట్టుకోలేదంటావ్?”

“ముట్టుకోలేదు డాడీ.”

“రిమోట్ నా జేబులో ఉంది. టీవీకున్న బటన్ నొక్కి పెట్టుకున్నావ్, అంతేనా?”

“నొక్కలేదంటున్నాగా!”

“మరి పౌడరేది?”

“ఏం పౌడరు?”

“పొద్దున్న వెళ్తూ బటన్ మీద పౌడరు అద్ది వెళ్ళాను. ఇప్పుడు లేదు. రా, కళ్ళు పెట్టి చూడు.”

“పౌడరా! మమ్మీ, విన్నావా? మనింట్లో మనకే, దొంగల్ని పట్టే పౌడరు!”

“ఏమండీ, ముందు భోంచెయ్యండి. పప్పు వేడి చేస్తాను.”

“నువ్వు మాట్లాడకు తెరెసా. గురువారం సాయంత్రం గంట, శుక్రవారం సెలవునాడు చర్చి నుంచి వచ్చాక గంట. అసలే చూడొద్దన్నానా? ఇది ఒంటిగంటకి స్కూల్ బస్సు దిగుతుంది, మనం వచ్చేది రెండింటికి. ఆ గంటా ఇంట్లో ఎవరున్నారు?”

“నేనే. అన్నం తిని హోంవర్క్ చేసుకుంటున్నా. కావాలంటే నోట్‌బుక్ చూసుకో.”

“లెక్కల్లో ముప్పై ఎనిమిది మార్కులు తెప్పించిన నోట్‌బుక్కేనా?”

“అదీ ఇదీ కలపకు!”

“గొంతు లేపకు!”

“మెల్లగా అండీ... గోడవతల ఫసీయుద్దీన్ గారి వాళ్ళున్నారు.”

“విననీ! రెండు మూడు వారాలుగా ఇదే తంతు. ఒకరోజు ఛానెల్ మారి ఉంటుంది, ఒకరోజు సౌండ్ పెరిగి ఉంటుంది. అడిగితే నేను కాదు, నేను కాదు. ఇంక అడగను. నర్సాపురంలో హాస్టల్ వాళ్ళకి ఫోన్ చేశాను, సీటుందన్నారు. ఆదివారం ఫ్లైటు.”

“డాడీ!”

“ఆదివారమా? నాతో ఒక్క మాటైనా...”

“చెబితే ఏం చేసేదానివి? వెనకేసుకొచ్చేదానివి.”

“నేను వెళ్ళను. చూడని టీవీకి హాస్టలేంటి? మమ్మీ, చెప్పు! నోట్లో నాలుక లేదా? నువ్వూ నమ్మట్లేదా?”

“నమ్ముతున్నానే...”

“నాతో కాదు, డాడీతో చెప్పు!”

“చిన్నపిల్లండీ... ఈసారికి వదిలెయ్యండి.”

“ఈసారికా! అంటే చూశాననేగా? నువ్వసలు అమ్మవేనా?”

“నోర్ముయ్! తల్లిని అనే మాటేనా అది? ఆ బైబిల్ ఇలా తే. చెయ్యి పెట్టి చెప్పు, చూడలేదని.”

“తెస్తా. రెండు చేతులూ పెట్టి చెబుతా.”

“వద్దు! ఫెబీ, చెయ్యి తియ్యి. ఏమండీ, పిల్లచేత ఒట్టు వేయించొద్దు.”

“ఏం? అబద్ధపు ఒట్టు పడుతుందని భయమా?”

“అది అబద్ధం ఆడట్లేదు.”

“నీకెలా తెలుసు?”

“చూసింది నేను.”

“బాగుంది! వెనకేసుకురావడానికీ ఓ హద్దుండాలి. నువ్వు డ్యూటీలో ఉంటావుగా.”

“డ్యూటీ లేదండీ. కొత్త మేనేజరు మూడు వారాల కిందట ముగ్గుర్ని తీసేశాడు. అందులో నేనొకదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నీ పిచ్చెక్కిపోయి, ఒక్క ముక్క అర్థంకాని అరబ్బీ సీరియళ్ళు చూస్తూ కూర్చున్నాను. చెబితే నన్నూ ఇలాగే విమానం ఎక్కించేస్తారని భయమేసింది.”

“మమ్మీ...”

“ఆగవే నువ్వు! తెరెసా, రోజూ ఏడింటికి నిన్ను క్లినిక్ గేటు దగ్గర దింపుతున్నాను. మధ్యాహ్నం అక్కడే ఎక్కించుకుంటున్నాను. ఇవాళ కూడా!”

“మీ కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, నడిచి ఇంటికొస్తున్నాను. దీని బస్సు రాకముందే మళ్ళీ పోయి, మీరొచ్చేదాకా ఆ గేటు పక్కన ఎండలో నిలబడుతున్నాను.”