కరిగించే ముందు కల్యాణ్‌ను అడగండి

పాస్టరు గారికి, డాక్టరు బాబులకు, మా హదస్సా దగ్గర పనిచేసిన పిల్లలకు నమస్కారం. కార్ఖానా బస్తీ నుంచి, అల్వాల్ నుంచి వానలో తడుస్తూ వచ్చారు. హదస్సా గుండెపోటుతో పోయిన రోజు నుంచి మా ఇంట్లో మాట లేదు. మీరొచ్చారు, కాస్త వినబడుతోంది.

నా పేరు దేవసహాయం. హదస్సా మేనమామని. నా చదువు ఊళ్లో ఐదో తరగతితో సరి. మైకు ఎప్పుడూ పట్టుకోలేదు. ఇవాళా పట్టుకునేవాణ్ణి కాదు. ఇందాక పెద్దలు ఒక ప్రకటన చేశారు. అది విన్నాక కూర్చోలేకపోయాను.

తెలియనివాళ్లకు చెబుతాను. కాలినవాళ్లకు వేయడానికి మా అమ్మాయి ల్యాబులో చర్మం పెంచేది. గడ్డకట్టించి దాచేది. అందరూ కంప్యూటర్ల వెంట పడుతుంటే ఇదేం పిచ్చే అని చుట్టాలు నవ్వారు. నేనూ నవ్వాను. “మామయ్యా, దాచడం ఎవరైనా దాస్తారు. పాడవకుండా కరిగించడమే నా చదువు” అనేది.

ఒకరోజు ఫ్రిజ్‌లోంచి వంజరం చేప ముక్క తీసి, తొందరకొద్దీ వేడినీళ్లు పోశాను. పైన ఉడికింది. లోపల రాయి. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, అంచు నొక్కి చూసింది, మధ్యన నొక్కి చూసింది. “నా చర్మమూ ఇంతే మామయ్యా. అంచుకు అందిన వేడి మధ్యకు అందదు. ఈలోపు చిట్లుతుంది. పులుసు మాత్రం నువ్వే తినాలి!” అంది. ఇద్దరమూ తిన్నాం.

ఇంకోసారి పెట్టుబడి పెట్టేవాళ్లు ల్యాబు చూడ్డానికి వచ్చారు. గోరంత ముక్క కరిగించి చూపించింది. చప్పట్లు కొట్టారు. అరచేయంతది చూపించమన్నారు. “అది ఇంకా నా మాట వినట్లేదండీ” అంది. ముఖాలు మాడ్చుకుని వెళ్లారు, మళ్లీ రాలేదు. వాళ్లు పోయాక ఆ పెద్ద ముక్క కరిగించింది. టిక్కుమంది. అద్దంలా బీటవారింది. “చూశావా? ఒక్కోసారి బీట కనపడదు కూడా, లోపల చచ్చిపోయి ఉంటుంది. అది ఒకరి ఒంటిమీద వేస్తే?” అంది. ఆ రోజు అన్నం తినలేదు.

అయ్యా, ఇప్పుడా ప్రకటన. రేపు పొద్దున ఆ పెద్ద ముక్కలే కరిగించి, ఆసుపత్రిలో ఉన్న సలోమికి వేస్తారట. అదే హదస్సాకు నివాళి అట. స్టవ్వు పేలి కాలిన పిల్ల సలోమి. వాళ్లమ్మ విమలమ్మ ఇదిగో, రెండో వరసలో ఉంది. అమ్మా విమలమ్మా, నీ బిడ్డకు అడ్డుపడుతున్నాననుకోకు తల్లీ. నీ ముఖం చూడలేకపోతున్నాను.

ప్రేమతోనే అన్నారు. తెలుసు. కానీ హదస్సా పోయిందని ఆ చర్మానికి తెలుసా? మన ఏడుపు చూసి పగలకుండా ఆగుతుందా?

వేయమనడానికి నేనెవర్ని? వద్దనడానికి నేనెవర్ని? నాకు తెలిసింది చేపముక్క. తెలిసినవాడు ఆమె శిష్యుడు కల్యాణ్. అదిగో, వెనక గోడకు ఆనుకున్నాడు. ప్రకటన వినగానే ముఖం పాలిపోయింది. ఇంతమంది డాక్టర్ల ముందు నోరు పెగలట్లేదు. నాకూ ఇన్నేళ్లూ పెగల్లేదు బాబూ. చిన్న ముక్కలే వేయమంటావో, ఆగమంటావో, పెద్దవే వేయమంటావో, చెప్పు. పెద్దలు కోప్పడితే పడతారు.

అందరూ ఒక్కసారి లేవండి. మా అమ్మాయి కోసం మౌనంగా నిలబడదాం. ఎవరి ప్రార్థన వాళ్లది. అందులో సలోమిని మరవకండి. ఈ మౌనం తర్వాత మొదటి మాట కల్యాణ్‌ది. అది వినేదాకా దయచేసి ఎవరూ కూర్చోకండి.