సైదవ్వ కథలో దొర

2011 అక్టోబరు, సకల జనుల సమ్మె రోజులు. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు, మీటింగ్ రూమ్. మేనేజర్ రామచంద్రం, ఆయన టీమ్‌లో పనిచేసే తేజస్విని.

"తలుపెయ్యి. కూర్చో. ఈ కామిక్ పుస్తకం నీదేనా?"

"మా ఇద్దరిదీ సర్. కథ మన టీమ్ జాషువాది, బొమ్మలు నావి. ఆఫీసు టైంలో గీయలేదు సర్, ఒట్టు!"

"అది అడగలే. 'గుత్ప సైదవ్వ', మూడో భాగం. కర్ర పట్టుకొని దొర మీదికి పోయినామె కథ."

"జాషువా వాళ్ళ సూర్యాపేట దిక్కు సాయుధ పోరాటం రోజుల్లో అట్లాంటి ఆడవాళ్ళు శానామంది ఉన్నారంట సర్. అందర్నీ కలిపి ఒక సైదవ్వను చేసినాం."

"సైదవ్వ మంచిగుంది. ఈ దొర ఎవరు?"

"దొర... ఊరికే సర్. కల్పన."

"జర సక్కగ చూడు. ఈ ముక్కు, ఈ గదువ మీది సొట్ట. ఇదంత కల్పననే?"

"ఏసీ ఎక్కువైనట్టుంది సర్, తగ్గించేదా?"

"ఏసీని ఉండనియ్యి. ఫోటో ఎవరిచ్చిన్రు?"

"ఏం ఫోటో?"

"జాషువానా?"

"అయ్యో, వాడికేం తెలీదు సర్! వాణ్ణేం అనొద్దు!"

"మరి నీకెట్ల దొరికింది? మీది ప్రొద్దుటూరాయె."

"ఫోటో ఏం లేదు సర్... చెప్తే నా ఉద్యోగం పోతుంది."

"చెప్పకుంటే పోతది."

"మీరే సర్."

"నేనా?"

"పోయిన నెల బస్సుల్లేక మూడు షేర్ ఆటోలు మారొచ్చినా. పది నిమిషాలు లేటని హాఫ్ డే కోసేసినారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీటింగ్‌లో మీ ఎదురుగా కూచొని నోట్‌బుక్‌లో గీసేసినా. రుమాలు చుట్టి మీసాలు తగిలిస్తే అచ్చం దొర మాదిరే..."

"నన్ను చూసి గీసినవా? నిజంగ?"

"నిజం సర్. టీమంతా గుర్తుపట్టింది. లంచ్‌లో ఒకటే నవ్వు. అంటే... సారీ సర్."

"నవ్విన్రా?"

"కొంచెమే సర్. నాలుగో భాగం రేపు ప్రెస్సుకు పోవాల. దాన్ని మాత్రం ఆపొద్దు సర్, ఏడాది కష్టం! ఇప్పుడే కూచొని మొఖం మార్చేస్తా. ముక్కు చప్పిడి చేస్తా, గడ్డం పెడతా. మీరని ఎవ్వరూ అనుకోరు."

"అందుల గూడ ఈయననే ఉన్నడా?"

"ఉన్నాడు సర్. జనం గడి మీదికి, అదే దొర బంగళా మీదికొస్తే సైదవ్వ కాళ్ళ మీద పడతాడు."

"పడలే."

"ఏంది సర్?"

"కాళ్ళ మీద పడలే. చీర కట్టుకొని దొడ్డి దర్వాజలకెల్లి ఉరికిండు."

"భలే ఉంది సర్! జాషువాకు కూడా తట్టలేదు. మీరే కల్పించినారా?"

"మా నాయిన సిగ్గుతోని ఆ ఫోటోను ట్రంకు పెట్టెల దాచిండు. నేను గూడ ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలే. మొఖం మార్చకు తేజస్వినీ. పేరు మాత్రం అసలుది రాయి. నర్సింగరావు. మా తాత."